పాత కంప్యూటరు ఎక్కడికి పోతుంది?

మా పాఠశాలలో మెట్ల కింద ఒక చిన్న గది ఉంది. ఒకప్పుడు అందులో ఆటవస్తువులు పెట్టేవాళ్లం. ఇప్పుడు దాని తలుపు తెరవాలంటే ఇద్దరు నెట్టాలి. లోపల పాతకాలపు పొట్ట మానిటర్లు, వాటి మీద సీపీయూలు, వాటి మీద కీబోర్డులు, అన్నిటినీ చుట్టుకుని వైర్ల చిక్కులు. అన్నీ విరాళంగా వచ్చినవే. పన్నెండేళ్ల క్రితం ఒక కార్యాలయం కొత్త కంప్యూటర్లు కొనుక్కుని పాతవి తీసివేస్తుంటే, మన పిల్లలకు పనికొస్తాయని ఒక దాత వాటిని మాకు ఇప్పించారు. ఆయన మంచి మనసును మేము ఎన్నడూ శంకించలేదు. వాహనం గేటు దగ్గర ఆగిన రోజు పిల్లలు చప్పట్లు కొట్టారు. వచ్చినవి ఇరవై రెండు సెట్లు. పనిచేసినవి తొమ్మిది. రెండేళ్లకు అవి నాలుగయ్యాయి. ఆ తరువాతి సంగతి ఆ గదే చెబుతుంది.

పోయిన వేసవి సెలవుల్లో గది ఖాళీ చేద్దామని పాత సామాను కొనే అతన్ని పిలిపించాం. సీపీయూలు తీసుకుంటానన్నాడు, వైర్లు తీసుకుంటానన్నాడు. మానిటర్ల దగ్గరకు వచ్చేసరికి తల అడ్డంగా ఊపాడు. "ట్యూబు ఎవరూ కొనరు సార్. వెనక ఉన్న రాగి చుట్ట తీసుకుని గాజు వదిలేస్తాం, ఫర్వాలేదా?" అన్నాడు. ఎక్కడ వదిలేస్తావయ్యా అంటే, నవ్వి వాగు వైపు చెయ్యి చూపించాడు. వైర్లు ఏం చేస్తావని అడిగాం. "రాత్రిపూట కాలుస్తాం సార్. మీ ఏడో తరగతి అబ్బాయే, మా పెద్దోడు, వాడే చూసుకుంటాడు ఆ పని."

ఆ అబ్బాయి మాకు బాగా తెలుసు. లెక్కల్లో చురుకు. చలికాలం వస్తే దగ్గు తగ్గదు. గోళ్ల సందుల్లో నలుపు ఎంత చెప్పినా పోదు. చేతులు కడుక్కోమని ప్రార్థన సమావేశంలో మేమే ఎన్నోసార్లు మందలించాం. ఆ నలుపు ఎక్కడిదో ఆ రోజు తెలిసింది.

ఈ ఏడాది సంచికకు వ్యాసం రాయమని సొసైటీ పెద్దలు అడిగినప్పుడు ఈ విషయమే రాయాలనిపించింది. మెట్ల కింద గదులు ప్రపంచమంతటా ఉన్నాయి. వాటి కథ తెలుసుకుంటే మా గది సంగతి కూడా అర్థమవుతుందని చదవడం మొదలుపెట్టాం.

ముందుగా కొలత. ప్లగ్గు గానీ బ్యాటరీ గానీ ఉండి, ఇక వద్దని పక్కన పెట్టిన ప్రతి వస్తువూ ఎలక్ట్రానిక్ వ్యర్థమే. ఫోను, ఫ్యాను, ఫ్రిజ్, పాడైన చార్జరు, పిల్లల బొమ్మ కారు కూడా. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం ఇలా పారేసినది 6 కోట్ల 20 లక్షల టన్నులు. 40 టన్నుల లారీల్లో నింపితే పదిహేనున్నర లక్షల లారీలు కావాలి. వాటిని ఒకదాని వెనుక ఒకటి నిలబెడితే భూమధ్యరేఖ చుట్టూ ఒక వరుస అవుతుంది. 2010లో ఇది 3 కోట్ల 40 లక్షల టన్నులే. 2030 నాటికి 8 కోట్ల 20 లక్షలకు చేరుతుందని అంచనా. ఇందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు లెక్క ఉన్నది 22.3 శాతం. మిగతాది మన మెట్ల కింద ఉంటుంది, లేదా వాగులో ఉంటుంది, లేదా ఎవరి చేతుల్లోనో కాలుతూ ఉంటుంది.

ఆ నివేదికలో మమ్మల్ని ఆపిన అంకె మరొకటి ఉంది. యూరప్‌లో మనిషికి ఏడాదికి 17.6 కిలోల ఎలక్ట్రానిక్ వ్యర్థం వస్తుంది, అందులో నూటికి నలభై రెండు పాళ్లకు పైగా లెక్కప్రకారం సేకరిస్తారు. ఆఫ్రికాలో మనిషికి వచ్చేది రెండున్నర కిలోలే. కానీ లెక్కప్రకారం సేకరించేది ఒక్క శాతం కూడా లేదు.

పెట్టెలో ఏముంది?

దీన్ని ఉత్త చెత్త అనడానికి లేదు. అమెరికా పర్యావరణ సంస్థ చెప్పే లెక్క చూడండి: పది లక్షల సెల్‌ఫోన్లను సరిగ్గా శుద్ధి చేస్తే సుమారు 16 టన్నుల రాగి, 350 కిలోల వెండి, 34 కిలోల బంగారం, 15 కిలోల పల్లాడియం దొరుకుతాయి. గనిలో తవ్విన టన్ను రాయిలో కొన్ని గ్రాముల బంగారం ఉంటే గొప్ప అనుకునే లోకం ఇది. టోక్యో ఒలింపిక్స్‌కు జపాను వాళ్లు పతకాలన్నీ పాత సామాను నుంచే చేశారు. 2017 నుండి 2019 దాకా ఊరూరా డబ్బాలు పెట్టి, 62 లక్షల ఫోన్లతో సహా దాదాపు 79 వేల టన్నుల చిన్న పరికరాలు పోగుచేశారు. సుమారు ఐదు వేల పతకాలకు అవసరమైన 32 కిలోల బంగారం, మూడున్నర వేల కిలోల వెండి, 2,200 కిలోల కంచు లోహాలు వాటిలోంచే తీశారు. (ఒలింపిక్ బంగారు పతకం నిజానికి వెండిదే, పైన ఆరు గ్రాముల బంగారు పూత. తరగతిలో ఈ మాట చెబితే పిల్లలు మమ్మల్ని నమ్మలేదు.)

అదే పెట్టెలో విషమూ ఉంది. పాత పిక్చర్ ట్యూబు లోపల పుట్టే ఎక్స్ కిరణాలు చూసేవారి మీద పడకుండా దాని గాజులో సీసం కలుపుతారు. ఒక్కో ట్యూబులో కిలోకు పైగానే ఉండవచ్చు. సర్క్యూట్ బోర్డు మీద పాత టంకంలోనూ సీసమే. మొదటి తరం పలుచటి తెరల వెనుక దీపాల్లో పాదరసం. కొన్ని బ్యాటరీల్లో కాడ్మియం. వైరు పైపొర పీవీసీ ప్లాస్టిక్కు. దాన్ని ఆరుబయట కాలిస్తే వెలువడే పొగలో డయాక్సిన్లు ఉంటాయి. వస్తువు వాడుకలో ఉన్నంతకాలం ఇవేవీ మనల్ని తాకవు. పగలగొట్టినప్పుడు, కాల్చినప్పుడు, యాసిడ్‌లో ముంచినప్పుడు బయటకు వస్తాయి. అందుకే పాత కంప్యూటరు విషయంలో ఎవరు విప్పారు, ఎలా విప్పారు అన్నదే అసలు ప్రశ్న.

గ్వియు ఊరి పిల్లలు

చైనా దక్షిణాన, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో గ్వియు అనే ఊరు ఉంది. ఒకప్పుడు వరి పండించే పల్లెలు. 1990లు వచ్చేసరికి అమెరికా నుండి, జపాను నుండి, యూరప్ నుండి వచ్చే కంప్యూటర్లను విప్పే ప్రపంచంలోకెల్లా పెద్ద స్థలంగా మారింది. ఇంటింటా బొగ్గు కుంపటి, దాని మీద రేకు, రేకు మీద సర్క్యూట్ బోర్డు. టంకం కరగగానే పట్టకారుతో చిప్పులు ఊడదీసేవారు. మిగిలిన బోర్డులను నది ఒడ్డున ఆమ్లపు తొట్లలో వేసి బంగారం తీసేవారు. మేము పదో తరగతికి ద్రవరాజం గురించి చెప్పే పాఠం ఉంది: నత్రికామ్లం ఒక పాలు, హైడ్రోక్లోరికామ్లం మూడు పాళ్లు, బంగారాన్ని కూడా కరిగిస్తుంది అని. గ్వియులో ఆ పాఠాన్ని చేతికి సరైన తొడుగు లేని మనుషులు రోజూ చేశారు. వాడిన ఆమ్లం నదిలోకే పోయేది. ఊరి నీళ్లు తాగడానికి పనికిరాక మంచినీళ్లు బయటి నుండి బండ్ల మీద తెచ్చుకునే గతి పట్టింది. బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్ అనే సంస్థ 2002లో ఈ ఊరి దృశ్యాలను ప్రపంచానికి చూపించింది. చైనా ఇటువంటి దిగుమతులను 2000లోనే నిషేధించినా సామాను ఆగలేదు.

షాంటూ వైద్య పరిశోధకులు అక్కడి ఆరేళ్ల లోపు పిల్లలు 165 మంది రక్తం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. డెసిలీటరు రక్తంలో సీసం సగటున 15.3 మైక్రోగ్రాములు. పొరుగునే ఉన్న, ఈ పని లేని ఊరి పిల్లల్లో అది 9.94. అప్పటికి ప్రమాదపు గీతగా భావించిన 10ని గ్వియు పిల్లల్లో నూటికి 80 మందికి పైగా దాటేశారు. సీసం పసిపిల్లల మెదడు మీద పనిచేస్తుంది. చదువు పట్టుబడకపోవడం, నిలకడగా కూర్చోలేకపోవడం దాని లక్షణాల్లో ఉన్నాయి. ముప్పై ఏళ్ల దగ్గరగా బడిలో ఉన్న మాకు ఈ వాక్యం దగ్గర పుస్తకం మూయాల్సి వచ్చింది. వెనక బెంచీ మీద కూర్చోబెట్టిన ఎందరు పిల్లల ఇళ్లలో ఏం కాలుతోందో మేము ఎన్నడైనా అడిగామా?

2015 చివరికి ప్రభుత్వం గ్వియులోని ఇంటి కుంపట్లను మూయించి, పనిని ఒక పారిశ్రామిక వాడలోకి మార్చింది. నది మెరుగుపడింది. మట్టిలో దిగిన సీసం మాత్రం అంత తొందరగా పోదు.

"విరాళం" అని రాసిన పెట్టెలు

ఒక దేశపు విషం మరో దేశానికి పోకూడదనే చట్టం లేకపోలేదు. 1988లో నైజీరియాలోని కోకో అనే చిన్న రేవులో, ఒక సామాన్యుడి పెరడు అద్దెకు తీసుకుని ఇటలీ నుండి తెచ్చిన విషపు పీపాలను వేల సంఖ్యలో పేర్చిన సంగతి బయటపడింది. పెద్ద గొడవై ఇటలీ వాటిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఇలాంటి ఘటనల ఒత్తిడితోనే 1989 మార్చిలో బాసెల్ ఒప్పందం కుదిరింది, 1992లో అమలుకు వచ్చింది. మన దేశం అందులో ఉంది. అమెరికా సంతకం చేసింది గానీ ఈనాటికీ ఆమోదించలేదు. 2025 జనవరి 1 నుండి, ప్రమాదకరమైనదైనా కాకపోయినా, ఎలక్ట్రానిక్ వ్యర్థం ఏదైనా సరే తీసుకునే దేశం ముందుగా ఒప్పుకుంటే తప్ప పంపకూడదని ఒప్పందాన్ని బిగించారు.

ఇన్నాళ్లూ జరిగిన మోసం వేరే దారిన జరిగింది. వ్యర్థం అని రాస్తే ఆపుతారు కనుక "వాడిన వస్తువులు" అని రాశారు, కొన్నిచోట్ల "విరాళం" అని రాశారు. పేద దేశాల బడిపిల్లలకు కంప్యూటర్లు అంటే ఎవరు కాదంటారు? 2005లో నైజీరియాలోని లాగోస్ రేవుకు నెలకు సుమారు 500 కంటెయినర్లు వస్తున్నాయనీ, వాటిలో మూడొంతులు బాగుచేయడానికి కూడా పనికిరాని తుక్కేననీ అక్కడి వర్తకులే ఆ బాసెల్ సంస్థకు చెప్పారు. పదేళ్ల తరువాత, 2015, 2016లలో, రేవులోనే మనుషులను నిలబెట్టి లెక్క తీస్తే ఏడాదికి 60 వేల టన్నుల వాడిన పరికరాలు దిగుతున్నాయని తేలింది. పరీక్షిస్తే వాటిలో కనీసం 19 శాతం పనిచేయలేదు. మొదటి లెక్కకూ రెండో లెక్కకూ తేడా చాలా ఉంది. రెండోదే కొలిచి చెప్పినది గనుక మేము దాన్నే నమ్ముతాం. అయినా ఐదింట ఒకటి దాదాపు చచ్చిన సరుకే. మాకు వచ్చిన ఇరవై రెండులో పదమూడు చచ్చినవి. లాగోస్ కంటే మా లెక్క హీనం.

ఇక్కడ దాతలు ఒక విషయం గమనించాలి. లాగోస్‌లోనూ, ఘనాలోని ఆక్రాలోనూ వాడిన వస్తువులు తెప్పించుకునే వర్తకులు అమాయకులు కారు, దొంగలూ కారు. కొత్తది కొనలేని జనానికి బాగుచేసిన టీవీ, బాగుచేసిన ఫోను వాళ్లే అందిస్తున్నారు. మన హైదరాబాదు జగదీష్ మార్కెట్లో ఫోన్లు విప్పి బిగించే కుర్రాళ్ల నైపుణ్యం లాంటిదే వారిది. బాగయ్యేవి బాగుచేసుకుంటారు. కానివే చివరకు నిప్పులోకి పోతాయి.

ఆక్రాలో ఆ నిప్పు పేరు అగ్బొగ్బ్లోషీ. ఓడా నది పక్కన పాత తుక్కు బజారు. ఉత్తర ఘనా నుండి బతుకుతెరువుకు వచ్చిన కుర్రాళ్లు పాత ఫ్రిజ్‌ల నురుగు ముక్కలతో మంట పెట్టి, వైర్ల చుట్టలు కాల్చి రాగి తీసేవారు. 2019లో అక్కడ తిరిగే కోళ్ల గుడ్లను పరీక్షిస్తే, పెద్దవారు ఒకరు ఒక్క గుడ్డు తింటే యూరప్ వాళ్లు రోజుకు భరించవచ్చని పెట్టిన డయాక్సిన్ల హద్దుకు 220 రెట్లు చేరుతుందని తేలింది. 2014లో ఒక స్వచ్ఛంద సంస్థ కాల్చే పని లేకుండా వైరు పైపొర ఒలిచే యంత్రాలు పెట్టించింది. లావు వైర్లు యంత్రంలోకి వెళ్లాయి. సన్నవి మాత్రం నిప్పులోకే. తరువాత జర్మనీ ప్రభుత్వ సహాయంతో, కాల్చకుండా తెచ్చిన వైరుకు డబ్బు చెల్లించే పద్ధతి మొదలుపెట్టారు. మాకు నచ్చినది ఇదే. కాల్చేవాడిని తిట్టలేదు, తరమలేదు, కాల్చకపోతే ఎక్కువ వస్తుందని చూపించారు. ఇంతలో 2021 జూలైలో అధికారులు ఆ బజారును నేలమట్టం చేశారు. మంటలు ఆగలేదు, ఊళ్లో నాలుగు దిక్కులకూ చెదిరాయి.

మన దగ్గర

ఇదంతా ఎక్కడో జరిగే సంగతి కాదు. చైనా, అమెరికాల తరువాత ఈ వ్యర్థం ఎక్కువగా పుట్టేది మన దేశంలోనే. ఢిల్లీ సీలంపూర్‌లో విప్పే బజారు దేశంలోకెల్లా పెద్దది. అక్కడి బోర్డులు ఎన్నో ఇత్తడి పనికి పేరుపడ్డ మొరాదాబాద్‌కు చేరతాయి. ఇత్తడి బేరం తగ్గినచోట పనివాళ్లు బోర్డులు కాల్చే పనికి మళ్లారు, రామగంగ ఒడ్డున నల్ల బూడిద గుట్టలయింది. ఈ రెండు చోట్లా, మన ఊళ్లలో తోపుడు బండి మీద "పాత ఇనుప సామాన్లు" అని కేక వేసే పనిలోనూ మన సమాజపు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పట్టాలు, పెట్టుబడులు లేని వాళ్లకు తెరిచి ఉన్న కొద్ది పనుల్లో ఇదొకటి. వాళ్లే గనక లేకపోతే ఇందులో పావు వంతు లోహం కూడా తిరిగి వాడకంలోకి రాదు.

వాళ్లకు వచ్చేది మాత్రం తక్కువ. బెంగళూరులో ఒక అధ్యయనం ఇంటి దగ్గర యాసిడ్‌తో తీసేవారి పనిని కొలిచి చూసింది. బోర్డులో ఉన్న బంగారంలో వాళ్ల చేతికి వచ్చేది నాలుగో వంతుకు మించలేదు. బెల్జియంలో హోబోకెన్ అనే చోట ఉన్న పెద్ద కొలిమిలో ఇంచుమించు మొత్తం వస్తుంది, దానితో పాటు మరో పదహారు లోహాలు కూడా. అయితే విప్పడంలో యంత్రం కంటే మన వాళ్ల చెయ్యే మెరుగు. యంత్రం అన్నిటినీ కలిపి నలుగగొడుతుంది, చెయ్యి దేనికది వేరు చేస్తుంది. అందుకని విప్పే పని ఇక్కడి చేతులతో చేయించి, కరిగించే పని మాత్రం పెద్ద కొలిమికి పంపి, వచ్చిన డబ్బు విప్పినవారికి చేర్చే పద్ధతిని బెంగళూరులో ప్రయత్నించి చూశారు. బోర్డును కాల్చకుండా అమ్మితేనే ఎక్కువ వచ్చింది. చిక్కల్లా డబ్బు చేతికి వచ్చే రోజు దగ్గర. కొలిమి నుండి సొమ్ము రావడానికి నెలలు పడుతుంది, రోజు కూలీకి పొయ్యి వెలగాల్సింది ఈ సాయంత్రం.

స్విట్జర్లాండ్ వాళ్లు ఈ చిక్కును 1990లలోనే వేరే విధంగా తీర్చుకున్నారు. కొత్త వస్తువు కొనేటప్పుడే దాన్ని రేపు శుద్ధి చేయడానికి అయ్యే కొద్దిపాటి రుసుము ధరలో కలిసి ఉంటుంది. పాతది ఏ దుకాణంలోనైనా ఉచితంగా ఇచ్చేయవచ్చు. మన దేశంలో 2023 ఏప్రిల్ నుండి అమలవుతున్న నియమాలు ఆ భారాన్ని తయారీదారు మీద పెట్టాయి: 106 రకాల వస్తువులకు, అమ్మినదానికి తగ్గట్టు నిర్ణీత శాతం శుద్ధి చేయించి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో లెక్క చూపాలి. మొదట 60 శాతం, తరువాత 70, ఆపైన 80. కాగితం మీద బాగుంది. తోపుడు బండి మనిషికీ ఆ పోర్టల్‌కీ మధ్య దూరం మాత్రం ఇంకా అలాగే ఉంది. హైదరాబాదులోని సీమెట్ పరిశోధనా సంస్థ బోర్డుల నుండి లోహాలను ఇక్కడే శుభ్రంగా తీసే పద్ధతుల మీద పనిచేస్తోంది. అది చిన్న ఊళ్ల దాకా వస్తే మాలాంటి వాళ్లకు మేలు.

మా గది సంగతి

మానిటర్లు వాగులో పడనివ్వలేదు. మండలి జాబితాలో నమోదైన ఒక శుద్ధి సంస్థకు ఫోన్ చేశాం. ఇంత తక్కువ సరుకుకు వాహనం రాదన్నారు. పక్క ఊళ్ల మూడు పాఠశాలల వాళ్లతో మాట్లాడితే అందరికీ ఒక మెట్ల కింద గది ఉందని తేలింది. అన్నీ కలిపి దాదాపు టన్నున్నర అయింది. అప్పుడు వాహనం వచ్చింది. ట్యూబులకు వాళ్లు పైసా ఇవ్వలేదు, బోర్డులకు ఇచ్చిన సొమ్ము హమాలీ ఖర్చులకు సరిపోయింది. రసీదు మా దగ్గర ఉంది.

విరాళంగా వచ్చే యంత్రాల విషయంలో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. దించే ముందే ఒక్కొక్కటి వెలిగించి చూస్తాం. వెలగనివి వచ్చిన వాహనంలోనే వెనక్కి పంపుతాం. దాతలు దీన్ని అగౌరవంగా తీసుకోవద్దని మనవి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. కార్యాలయాలు పాత యంత్రాలను వదిలించుకునే కాలం ఇది, మీలో చాలామందికి అవి కనబడుతూనే ఉంటాయి. వాటిలో ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకుంటే ఇంకా కొన్నేళ్లు పిల్లలకు పనికొస్తాయి. యంత్రంతో పాటు చార్జరు ఇవ్వండి. డిస్కు మీద ఉన్న మీ వివరాలు తుడిచి ఇవ్వండి. రెండేళ్ల తరువాత అది చెడిపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఒక నంబరు కూడా రాసి ఇస్తే మాకు అదే పెద్ద విరాళం.

ఇక ఆ ఏడో తరగతి అబ్బాయి. వాళ్ల నాన్నను మళ్లీ పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడాం. కాల్చవద్దని చెప్పడం మాకు తేలిక. "ఒలిచి అమ్మితే రాగి మెరుస్తుంది, రేటు ఎక్కువే వస్తుంది సార్, నాకు తెలుసు. కానీ చేత్తో ఒలిస్తే రోజంతా కూర్చున్నా నాలుగు కిలోలు తెగదు" అన్నాడు. చేత్తో తిప్పే వైరు ఒలిచే యంత్రాలు ఉన్నాయని అతనికీ తెలుసు. ఒకటి కొనాలని రెండేళ్లుగా అనుకుంటున్నాడట. అప్పు మీద అప్పు ఎందుకని ఆగాడట. ఈ విషయం సొసైటీ కార్యవర్గం ముందు పెట్టాం. బజారులో అదే పని చేసే మరో ఐదు కుటుంబాల పేర్లు కూడా ఇచ్చాం. వడ్డీ లేని అప్పుగా ఇద్దామా, అందరికీ కలిపి రెండు యంత్రాలు కొని బజారులోనే పెడదామా అన్నది ఈ సంచిక అచ్చుకు వెళ్లేనాటికి తేలలేదు. సన్న వైర్ల మాట ఏం చేయాలో కూడా అతన్నే అడిగాం. ఆలోచించి చెబుతానన్నాడు.